గెస్టులు ‘ఇంకో రెండు గంటలు’ అడిగితే...
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రోజువారీ అద్దె ఇళ్ల గురించే. అందులోనూ ఒకటే పంచాయితీ: గెస్టులు ఎన్నింటికి ఖాళీ చెయ్యాలి, ఎంతవరకు ఆగొచ్చు, ఆగితే పైసలు తీసుకోవాలా వద్దా. ఇల్లు ఇచ్చేవాళ్లు రాశారు, దిగేవాళ్లు రాశారు, ఆ ఇళ్లు శుభ్రం చేసే ఆమె కూడా రాసింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

ప్రశ్న: మాకు హన్మకొండల వేయిస్తంభాల గుడికి దగ్గర్ల పైన రెండు బెడ్రూముల పోర్షన్ ఉంది. చెకౌట్ పొద్దున 11, చెకిన్ మధ్యాహ్నం 2 అని పెట్టినం. వచ్చినోళ్లల్ల సగం మంది ‘ఆంటీ, ఒంటిగంట దాకా ఉంటం’ అంటరు. కాదంటే ముఖం చిన్నబుచ్చుకుంటరు. సరే అంటే తర్వాత వచ్చేటోళ్లు సామాన్లు పట్టుకొని మెట్ల మీద కూసుంటరు. ఎట్ల తేల్చుకోవాలె?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: అడిగినవాళ్లకు టైం ఇవ్వగలరా లేదా అన్నది మీ మొహమాటం తేల్చకూడదు. ఆ రోజు ఇల్లు శుభ్రం చెయ్యడానికి ఎందరున్నారు, ఎంతసేపు పడుతుంది, తర్వాతివాళ్లు ఎన్నింటికి దిగుతున్నారు అనేవి తేల్చాలి. కాబట్టి లెక్క చెకిన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి.

రెండు బెడ్రూములు, రెండు బాత్రూములు ఉన్న పోర్షన్‌కు ఒక్క మనిషి అయితే దాదాపు ఇలా పడుతుంది. గదులన్నీ తిరిగి మరిచిపోయినవి, విరిగినవి చూసుకోవడానికి 10 నిమిషాలు. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు తీసి మిషన్‌లో వెయ్యడానికి 10. వంటగది, గిన్నెలు, ఫ్రిజ్, చెత్త కలిపి 25. బాత్రూముకు 20 చొప్పున రెండింటికి 40. మంచాలు పరచడానికి 20. ఊడ్చి తడిబట్ట పెట్టడానికి 35. చివర్లో గీజరు, ఏసీ, రిమోట్లు, బల్బులు చూసి ఫొటోలు తీసుకోవడానికి 10. అంతా కలిపితే 150 నిమిషాలు, అంటే రెండున్నర గంటలు. దీనికి ఒక అరగంట చేర్చండి. కరెంటు పోతుంది, మోటరు ఎక్కదు, గోడ మీద స్కెచ్ పెన్ గీతలు కనబడతాయి. మధ్యాహ్నం 2 నుంచి మూడు గంటలు తీసేస్తే 11. మీరు పెట్టుకున్న టైం సరిగ్గానే ఉంది.

ఇక సడలింపు. అదే రోజు ఇంకొకరు దిగుతుంటే, ఒక్క మనిషే పనిలో ఉంటే, 11 అంటే 11. ఇద్దరు పనిచేస్తే గంటన్నర, గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి 12 వరకు ఇవ్వొచ్చు. మనుషులు రెట్టింపైనా టైం సరిగ్గా సగం కాదు. బాత్రూములో ఇద్దరు పట్టరు, తడి ఆరేదాకా ఎవరైనా ఆగాల్సిందే. ఆ రోజు ఎవరూ దిగకపోతే ఒంటిగంట దాకా ఉచితంగానే ఇవ్వండి. దాంతో మీకు పోయేదేమీ లేదు, గెస్టు మాత్రం గుర్తుపెట్టుకుంటాడు.

అన్నింటికంటే ముఖ్యం, జవాబు ఎప్పుడు చెప్తారన్నది. బుకింగ్ చేసుకునేటప్పుడే, అంటే పది రోజుల ముందే, ‘లేట్ చెకౌట్ ఇస్తారా’ అని అడుగుతారు. అప్పుడు మాట ఇవ్వకండి. ఆ పది రోజుల్లో మీ క్యాలెండర్‌లోకి ఎవరు వస్తారో మీకు తెలియదు. ‘ముందురోజు రాత్రి 8 గంటలకు చెప్తాను’ అనండి, ఆ 8 గంటలకు వాళ్లు మళ్లీ అడిగేలోపే మీరే మెసేజ్ పెట్టండి. మెసేజ్‌లో గంట అంకెల్లో ఉండాలి: ‘రేపు మధ్యాహ్నం 1:00 వరకు ఉండొచ్చు. 1:00కు తాళంచెవి కింద ఇవ్వండి.’ ‘కొంచెం లేటైనా పర్వాలేదు’ అని రాశారనుకోండి, మీ మనసులో అది అరగంట, వాళ్ల మనసులో భోజనం చేసి ఒక కునుకు తీసేదాకా.

దుప్పట్ల గురించి కూడా ఒక మాట. మంచానికి మూడు జతలు ఉంటేనే ఈ లెక్క నిలబడుతుంది: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. రెండే జతలుంటే వానాకాలంలో ఆరని దుప్పటి కోసం చెకిన్ ఆగిపోతుంది. పెళ్లిళ్ల రోజుల్లో, బతుకమ్మ రోజుల్లో తెల్ల దుప్పట్లు తీసి ముదురు రంగువి వెయ్యండి. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రగా మారుతుంది. సబ్బులోని క్షారానికి పసుపు అలా రంగు తిరుగుతుంది. అది చూసి కంగారుపడి ఇంకా గట్టిగా రుద్దుతారు. ఉతికి నేరుగా ఎండలో వెయ్యండి. పసుపు రంగు ఎండకు నిలవదు, ఒకటి రెండు ఎండల్లో వెలిసిపోతుంది.

లేటుగా ఖాళీ అయిన రోజు హడావిడిలో జరిగే ప్రమాదం ఒకటుంది. బాత్రూం యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసిన బాత్రూములో అది ఊపిరాడనివ్వదు. రెండింటినీ ఒకే బకెట్ దగ్గర పెట్టకండి, ఒకే రోజు ఒకే బాత్రూములో వాడనివ్వకండి.

ప్రశ్న: కాజీపేట జంక్షన్‌కు దగ్గర్లో మా ఇల్లు. గెస్టుల్లో చాలామందికి రాత్రి రైలు. పగలంతా కోట, భద్రకాళి గుడి తిరిగి వచ్చి స్నానం చేసి వెళ్తామంటారు. వాళ్ల కోసం ఇల్లు రాత్రి దాకా ఆపితే ఆ రోజు బుకింగ్ పోతుంది. పంపించేయడానికి మనసొప్పదు.
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: వాళ్లు అడుగుతున్నది రెండే: సామాను పెట్టుకోవడానికి చోటు, రైలెక్కేముందు స్నానం. ఇల్లంతా వాళ్లకు అక్కర్లేదు. కాబట్టి ఇల్లు 11కు తీసుకోండి, ఆ రెండూ విడిగా ఇవ్వండి.

సామానుకు మెట్ల కింద గానీ వరండాలో గానీ తలుపు, తాళం ఉన్న చిన్న గది చాలు. బ్యాగుకు చీటీ కట్టండి, అదే నంబరు చీటీ గెస్టుకు ఇవ్వండి, ఫొటో తీసి వాళ్ల ఫోనుకే పంపండి. నగలు, నగదు, ల్యాప్‌టాప్ ఉన్న బ్యాగులు మీ దగ్గర ఉంచుకోరని ముందే రాతలో చెప్పండి. తాళం వెయ్యని బ్యాగు తీసుకోవద్దు. రైల్వే క్లోక్‌రూముల్లోనూ ఇదే పద్ధతి, తాళం లేని సామాను తీసుకోరు. ప్రయాణం టికెట్ ఉంటే స్టేషన్‌లో ఆ సౌకర్యం వాడుకోవచ్చని మీ గెస్టులకు చెప్పండి.

స్నానానికి బయటివైపు తలుపున్న బాత్రూం ఒక్కటి ఉంటే సరిపోతుంది. పాత ఇళ్లలో పెరటివైపు ఉంటుంది కూడా. అందులో 15 లీటర్ల గీజరు పెట్టండి. 2 కిలోవాట్ల గీజరు 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి దాదాపు 18 నిమిషాలు తీసుకుంటుంది. 25 లీటర్లదైతే అరగంట. నలుగురు వరుసగా స్నానం చెయ్యాలంటే చిన్న గీజరుతో మనిషికి మనిషికి మధ్య కనీసం ఇరవై నిమిషాలు వదలాలి. ‘ఆరున్నరకు మొదలుపెడితే ఎనిమిదికి అందరిదీ అయిపోతుంది’ అని వాళ్లకు లెక్క చెప్పి పంపితే రైలు దగ్గర ఉరుకులు ఉండవు. మనిషికి 50 రూపాయలు తీసుకున్నా ఎవరూ బాధపడరు. ఆ పైసలు తువ్వాళ్ల ఉతుకుకు, బాత్రూం మళ్లీ కడగడానికి సరిపోతాయి.

ప్రశ్న: లేట్ చెకౌట్‌కు ఎంత తీసుకోవాలి? కొందరు గంటకు ఇంత అంటారు, కొందరు సగం రోజు అద్దె అంటారు. మా అద్దె రాత్రికి 2,400.
– ఒక పాఠకుడు, సుబేదారి, హన్మకొండ

జవాబు: గంటల లెక్క వద్దంటాం. గంటకు ఇంత అని పెడితే గెస్టు గడియారం చూసుకుంటూ కూర్చుంటాడు, మీరు తలుపు దగ్గర నిలబడతారు, పది నిమిషాల దగ్గర మాటామాటా వస్తుంది. మెట్లుగా పెట్టండి: ఒంటిగంట వరకు, 3 వరకు, 6 వరకు. 6 దాటితే పూర్తి రోజు అద్దె.

ఆ మెట్లకు ధర ఎలా కట్టాలో చూద్దాం. మీకు ఖర్చు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది కరెంటు. ఒకటిన్నర టన్నుల ఏసీ నాలుగైదు గంటలు నడిస్తే 5, 6 యూనిట్లు. గీజరు, ఫ్యాన్లు కలిపితే 7. యూనిట్‌కు 10 రూపాయలు వేసుకున్నా 70. చాలామంది దీన్నే పెద్ద ఖర్చనుకుంటారు, కానీ ఇది అన్నింటికంటే చిన్నది. రెండోది, శుభ్రం చేసే మనిషి ఆగినందుకు ఇచ్చేది, 150 అనుకుందాం. మూడోది ఆ రాత్రి బుకింగ్ పోవడం. దీన్ని ఊహతో కట్టకండి. మీ గత మూడు నెలల క్యాలెండర్ తియ్యండి. ముందురోజు రాత్రి 8కి ఖాళీగా ఉండి, మర్నాడు ఎవరో ఒకరు బుక్ చేసిన రోజులు ఎన్నో లెక్కపెట్టండి. మామూలు రోజుల్లో పది రోజులకు రెండు అలా నిండాయనుకుంటే 2,400లో ఐదో వంతు, 480. మూడూ కలిపితే 700. మామూలు రోజున 6 గంటల వరకు ఆగడానికి అదే సరైన ధర. శని, ఆదివారాల్లో పది రోజులకు ఆరు నిండుతుంటే 1,440కి కరెంటు, మనిషి ఖర్చు 220 కలిపి 1,660 అవుతుంది. అంత అడిగితే గెస్టు ఎలాగూ ఒప్పుకోడు. ఆ రోజుల్లో లేట్ చెకౌట్ అమ్మకుండా, రెండో రాత్రి కూడా తీసుకుంటారా అని అడగడం ఇద్దరికీ మేలు. మామూలు రోజున 3 వరకు ఆగే మెట్టుకు ఆ 700లో సగం చాలు.

ఓరుగల్లు ఎండాకాలం సంగతి వేరు. మేలో మధ్యాహ్నం పూట ఎవరూ రోడ్డు మీదికి వెళ్లాలనుకోరు, సాయంత్రం 5 దాకా ఉంటామని దాదాపు ప్రతి ఒక్కరూ అడుగుతారు. చంటిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న కుటుంబాన్ని 43 డిగ్రీల ఎండలోకి పంపడం తగదు. ఆ నెల వరకు చెకిన్‌ను 4కు జరిపి, చెకౌట్‌ను ఒంటిగంట చేసుకోండి. పగటి ప్రయాణాలు తగ్గుతాయి కాబట్టి దిగేవాళ్లు కూడా సాయంత్రమే వస్తారు.

డబ్బు తీసుకునే పద్ధతి: ఎయిర్‌బీఎన్‌బీ లాంటి అద్దె ఇళ్ల యాప్‌లో వచ్చిన బుకింగ్ అయితే అదనపు మొత్తాన్ని యాప్‌లోనే అడగండి. ఎయిర్‌బీఎన్‌బీలో అయితే రిజల్యూషన్ సెంటర్ (డబ్బు విషయాలు తేల్చుకునే విభాగం) నుంచి గెస్టుకు రిక్వెస్ట్ పంపొచ్చు. బయట ఫోన్‌పే చేయించుకోవడం వాళ్ల నిబంధనలకు విరుద్ధం, రేపు తగాదా వస్తే మీ దగ్గర ఆధారం ఉండదు. మీకు నేరుగా ఫోన్ చేసి వచ్చినవాళ్లయితే యూపీఐ చాలు, ‘లేట్ చెకౌట్, 6 వరకు’ అని నోట్‌లో రాయించండి. సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. లేట్ ఫీజు కూడా ఆ టర్నోవర్‌లోకే వస్తుంది, విడిగా చిల్లర ఆదాయం కింద రాసుకోకూడదు.

యాప్‌తో ఎక్కువ మంది దెబ్బతినే చోటు ఇంకొకటుంది. యాప్ క్యాలెండర్‌కు రాత్రులే తెలుసు, గంటలు తెలియవు. మీరు ఒకరికి సాయంత్రం 4 వరకు మాట ఇచ్చారు. ఆ సంగతి యాప్‌కు తెలియదు. మధ్యాహ్నం 12కు ఇంకొకరు ఇన్‌స్టంట్ బుక్ (మిమ్మల్ని అడగకుండానే ఖాయమయ్యే బుకింగ్) చేసి, లిస్టింగ్‌లో ఉన్నట్టే 2కు దిగుతారు. మెట్ల మీద సామాన్లతో కూర్చునేది వీళ్లే. కాబట్టి లేట్ చెకౌట్ ఖాయం చేసిన మరుక్షణం ఆ రాత్రిని బ్లాక్ చెయ్యండి. గెస్టు వెళ్లి, ఇల్లు సగం శుభ్రమయ్యాక మళ్లీ తెరవండి. రెండు మూడు యాప్‌ల్లో ఇల్లు పెట్టినవాళ్లు అన్నింట్లోనూ చేతితోనే బ్లాక్ చెయ్యాలి. క్యాలెండర్లు ఒకదానికొకటి కలిపి పెట్టినా మార్పు చేరడానికి కొన్ని గంటలు పట్టొచ్చు.

ప్రశ్న: నేను నక్కలగుట్ట దిక్కు మూడు అద్దె ఇండ్లు సాఫ్ జేస్త. ఇంటికి 300. మొదటి ఇంటోళ్లు 11కు పోవాల్సింది ఒకటిన్నరకు పోతరు. నేను కింద కూసుంట. మూడో ఇల్లు చెయ్యలేక ఆ పైసలు పోతయి. ఓనరమ్మ గెస్టుల దగ్గర ఎక్కువ పైసలు తీసుకుంటది, నాకు ఇయ్యది. అడిగితే తప్పా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: తప్పు కాదమ్మా. అడగాలి. ఓనర్ల కోసం కూడా ఇది చాలా స్పష్టంగా రాస్తున్నాం: లేట్ చెకౌట్ పేరుతో మీరు అమ్ముతున్నది ఈమె టైం. గెస్టు దగ్గర 700 తీసుకుని ఈమెను ఉత్త చేతులతో కూర్చోబెట్టడం అన్యాయం.

ఇలా మాట్లాడుకోండి. మీరు ఎన్నింటికి రావాలో ఓనరమ్మ ముందురోజు రాత్రే ఫోనులో చెప్పాలి. చెప్పిన టైం నుంచి అరగంట దాకా మీరు ఆగుతారు. ఆ తర్వాత ప్రతి గంటకు 75 గానీ 100 గానీ ఇవ్వాలి. మీ తప్పు లేకుండా ఇంకో ఇల్లు తప్పిపోతే ఆ ఇంటి 300లో సగం ఆపినవాళ్లు ఇవ్వాలి. ఇది రాసుకోనక్కర్లేదు, వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టి ‘సరే’ అనిపించుకుంటే చాలు. ప్రతి ఇంటికి ఎన్నింటికి వెళ్లారో, ఎన్నింటికి తలుపు తీశారో ఫోనులో ఫొటో తీసుకోండి. ఫొటో వివరాల్లో టైం ఉంటుంది, నెలాఖరున వాదన ఉండదు.

ఒకే బిల్డింగ్‌లో రెండు పోర్షన్లు ఇచ్చే ఓనర్లు రెండింటికీ ఒకే చెకౌట్ పెట్టి ఒకే మనిషిని ఉరికిస్తారు. రెండూ సింగిల్ బెడ్రూములైతే ఒక్కోదానికి రెండు గంటలు పడతాయనుకోండి. కింది పోర్షన్‌కు చెకౌట్ 10, చెకిన్ 1 పెట్టండి. పైదానికి చెకౌట్ 12, చెకిన్ 3. ఆమె 10 నుంచి 12 వరకు కింద, 12 నుంచి 2 వరకు పైన పనిచేస్తుంది, రెండు చోట్లా గంట చేతిలో ఉంటుంది. ఆలస్యంగా లేచే గెస్టులకు పైది, పొద్దున్నే రామప్పకో లక్నవరానికో బయల్దేరేవాళ్లకు కిందిది ఇవ్వండి. బుకింగ్ అప్పుడే ‘మర్నాడు ఎన్నింటికి కదులుతారు’ అని అడిగితే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ప్రశ్న: మా ఇల్లు ములుగు రోడ్డులో ఉంది. చుట్టుపక్కల లాడ్జీలన్నీ ‘24 గంటల చెకౌట్’ బోర్డు పెట్టుకున్నాయి. మేమూ అట్లనే పెడితే గొడవే ఉండదు కదా? మేడారం జాతరప్పుడైనా పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: లాడ్జీకి ఇరవై గదులుంటాయి. ఒకటి రాత్రి 9కి ఖాళీ అయితే ఇంకొకటి మధ్యాహ్నమే ఖాళీ అవుతుంది, వచ్చినవాడికి ఏదో ఒకటి దొరుకుతుంది. మీకున్నది ఒక్క ఇల్లు. శుక్రవారం రాత్రి 9కి ఒక కుటుంబం దిగితే శనివారం రాత్రి 9 వరకు ఇల్లు వాళ్లదే. శనివారం మధ్యాహ్నం 2కు దిగుతామన్నవాళ్లు పోయినట్టే. వీళ్లు వెళ్లాక శుభ్రం చేసేసరికి రాత్రి పదకొండున్నర. ఆ వేళకు ఎవరు దిగుతారు? ఒక రాత్రి అద్దె తీసుకుని రెండు రాత్రులు ఇచ్చినట్టవుతుంది. నాలుగైదు ఇళ్లు ఒకరి చేతిలో ఉంటే తప్ప ఈ పద్ధతి జోలికి వెళ్లకండి.

మేడారం సంగతి వేరే. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే ఆ నాలుగు రోజుల్లో గెస్టు ఏ గంటకు తిరిగొస్తాడో అతనికే తెలియదు. ఇక్కడి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు, కానీ తిరుగు ప్రయాణంలో ట్రాఫిక్ ఎప్పుడు కదిలితే అప్పుడే. మొదటి రోజు సారలమ్మ, రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వస్తారు. మూడో రోజు ఇద్దరు తల్లులూ గద్దెల మీద ఉంటారు, జనం ఎక్కువగా ఉండేది అప్పుడే. నాలుగో రోజు వనప్రవేశం. అప్పుడు గంటల చెకౌట్ పెట్టుకుంటే మాట నిలబెట్టుకోవడం మీకూ కుదరదు, వాళ్లకూ కుదరదు. జాతరకు కనీసం రెండు రాత్రులు తీసుకోవాలని పెట్టండి, ఒకరు వెళ్లాక ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచండి. ఎయిర్‌బీఎన్‌బీలో ‘ప్రిపరేషన్ టైం’ ఒక రాత్రి అని పెడితే అది దానంతటదే బ్లాక్ చేస్తుంది. జాతర అయ్యాక మళ్లీ తీసేయడం మరిచిపోవద్దు, లేకపోతే నెలంతా రోజు విడిచి రోజు ఖాళీగా పోతుంది.

ఆ ఖాళీ రోజు అవసరమే. తిరిగొచ్చినవాళ్ల సంచుల్లో బంగారం, అంటే అమ్మవార్ల ప్రసాదం బెల్లం ఉంటుంది. మంచం కింద ఒక చిన్న పెచ్చు పడ్డా తెల్లారేసరికి గోడ వెంట చీమల బారు. ఊడ్చితే పోదు, అతుక్కుంటుంది. వేడినీళ్లలో తడిపిన బట్ట ఐదు నిమిషాలు అక్కడ పెట్టి, మెత్తబడ్డాక తుడవాలి. దాని మీద పసుపు కుంకుమలు, ఎర్రమట్టి. మామూలు రోజు రెండున్నర గంటల పని ఆ రోజు నాలుగు గంటలు దాటుతుంది. గుమ్మం బయటే ఒక మూత డబ్బా పెట్టి ‘బంగారం ఇందులో పెట్టండి’ అని రాసి ఉంచితే సంతోషంగా పెడతారు, ప్రసాదం కింద పడకూడదన్నది వాళ్లకు కూడా ముఖ్యమే.

ప్రశ్న: కరీంనగర్‌లో పెళ్లికి వెళ్లి ఒక ఇంట్లో దిగాం. ముహూర్తం తెల్లవారుజామున. ‘మధ్యాహ్నం వరకు పడుకోండి, ఏం పర్వాలేదు’ అని ఫోనులో అన్నారు. 11 కొట్టగానే మనిషి వచ్చి తలుపు కొట్టాడు. మేం ఏం చెయ్యాల్సింది?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: ఫోనులో మాట ఇచ్చినాయన వేరు, తలుపు కొట్టినాయన వేరు అయి ఉంటారు, ఆ మాట ఈయనకు చేరి ఉండదు. ఫోను పెట్టేసిన వెంటనే బుకింగ్ చేసిన యాప్‌లోనే ‘ఇప్పుడు మాట్లాడినట్టు రేపు మధ్యాహ్నం 2:00 వరకు ఉంటాం, సరేనా?’ అని రాయండి. ‘సరే’ అని వచ్చేదాకా అది ఖాయమనుకోకండి. ఆ రాత మీ దగ్గరుంటే తలుపు దగ్గర చూపించినా, యాప్‌కు ఫిర్యాదు చేసినా పని జరుగుతుంది.

పెళ్లికైతే ఇంకో తెలివైన దారి ఉంది. ముహూర్తం తెల్లవారుజామున ఉంటే, పెళ్లయ్యే రోజు రాత్రికి కూడా ఇల్లు తీసుకోండి. ఖరీదు ఎక్కువనిపిస్తే పెళ్లికి వచ్చినవాళ్లలో రెండు కుటుంబాల వాళ్లు కలిసి ఒక్క ఇల్లు ఉంచుకుని మిగతావి 11కు వదిలేయండి. రాత్రంతా మేలుకున్నవాళ్లు ఆ ఒక్క ఇంట్లో వంతులవారీగా పడుకోవచ్చు.

ప్రశ్న: తలుపుకు నంబరు తాళం పెట్టాం. లేట్ చెకౌట్ ఇచ్చిన గెస్టు గుడికి వెళ్లి వచ్చేసరికి నంబరు పనిచెయ్యలేదు. లోపల సామాను, మేం ఊళ్లో లేము.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గెస్టు కోడ్‌కు మీరు 11 గంటల గడువు పెట్టి ఉంటారు. చెకౌట్ పొడిగించినప్పుడు కోడ్ గడువు కూడా పొడిగించాలి, దానికి ఒక గంట అదనంగా ఇవ్వాలి. వైఫై మీద నడిచే తాళమైతే దూరం నుంచే మార్చొచ్చు; బ్లూటూత్‌దైతే తలుపు దగ్గర మనిషి ఉండాలి, కొనేముందే ఇది చూసుకోవాల్సింది. బ్యాటరీ తగ్గిందని తాళం హెచ్చరిక ఇచ్చిన రోజే నాలుగు సెల్లులూ ఒకేసారి మార్చండి, పాతవి కొత్తవి కలపకండి. మామూలు తాళంచెవి ఒకటి పక్కింట్లో తప్పనిసరిగా ఉండాలి.

ప్రశ్న: టైం అయిపోయినా ఒకతను ఖాళీ చెయ్యనంటున్నాడు. ‘ఇంకో రోజు ఉంటా, పైసలు తర్వాత ఇస్తా’ అంటాడు. కరెంటు తీసేస్తే పోతాడు కదా?
– ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: వద్దు. కరెంటు, నీళ్లు ఆపడం, సామాను బయట పడెయ్యడం, బయట నుంచి గొళ్లెం పెట్టడం ఏదీ చెయ్యకండి. అవి చేసిన క్షణం నుంచి తప్పు మీ వైపు వస్తుంది. రెండు రోజులకు దిగిన గెస్టు మీకు కిరాయిదారు కాడు. చట్టం దృష్టిలో అతను కొద్దికాలం ఉండడానికి మీరు అనుమతిచ్చిన మనిషి. ఆ అనుమతి ముగిసిందని రాతలో తెలియాలి. ‘మీ బుకింగ్ ఈ రోజు 11:00కు ముగిసింది. ఇంకో రాత్రి కావాలంటే 12:00లోపు యాప్‌లో బుక్ చేసి డబ్బు కట్టండి, లేదా ఖాళీ చెయ్యండి’ అని మెసేజ్ పెట్టండి. జవాబు రాకపోతే యాప్ హెల్ప్‌లైన్‌కు చెప్పండి. నేరుగా వచ్చినవాడైతే ఒంటరిగా వెళ్లకుండా ఇద్దరు పెద్దమనుషులతో వెళ్లి మాట్లాడండి. అప్పటికీ కదలకపోతే 100కు ఫోన్ చెయ్యండి. దిగినప్పుడు తీసుకున్న గుర్తింపు కార్డు కాపీ, బుకింగ్ కాగితం చేతిలో ఉండాలి. ఇల్లు ఇచ్చే రోజే కార్డు తీసుకోనివాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

ప్రశ్న: ఎంట్రెన్స్ పరీక్షలకు పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులు మా ఇంట్లో దిగుతారు. వాళ్లకు ఏ టైం పెడితే బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: వాళ్ల హాల్‌టికెట్‌లో సెషన్ చూసి పెట్టండి. ఎప్‌సెట్ లాంటి ఆన్‌లైన్ పరీక్షలకు పొద్దుటి సెషన్ 9 నుంచి 12, మధ్యాహ్నం సెషన్ 3 నుంచి 6. పొద్దుటి సెషన్ వాళ్లు ఏడున్నరకే వెళ్లిపోతారు, పన్నెండున్నరకు తిరిగొస్తారు. ఇల్లు అప్పటిదాకా ఖాళీగానే ఉంటుంది కాబట్టి సామాను ఒక గదిలోకి చేర్చమనండి, మిగతా ఇల్లు ఆలోపే శుభ్రం చేయించండి. వాళ్లు వచ్చి, తిని, ఒంటిగంటన్నరకు కదిలాక ఆ ఒక్క గది అరగంట పని. మధ్యాహ్నం సెషన్ వాళ్లు ఒంటిగంటన్నర దాకా ఇంట్లోనే చదువుకుంటూ కూర్చుంటారు, తిరిగి రావాల్సిన పని ఉండదు. వాళ్లకు ఒంటిగంటన్నర వరకు ఉచితంగా ఇచ్చి, అదే రోజు దిగేవాళ్లకు చెకిన్ 4:30 అని ముందురోజే చెప్పండి. పరీక్ష రోజున ఏ పిల్లనూ, పిల్లవాణ్నీ పుస్తకాలతో సహా 11కు రోడ్డు మీదికి పంపకండి.